అమావాస్య నాటి కొండదారి

1922 ఆగస్టు 22, 23, 24. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు, 26 తుపాకులు. మన్యం పితూరీ మొదలైన ఈ లెక్క మనం బడిలోనే చదువుకున్నాం. ఆ మూడు పగళ్ళ నడుమ రెండు రాత్రులున్నాయి. ఈ కథ ఆ రాత్రులది.

చింతపల్లి, మంగళవారం

ఆ రోజు శ్రావణ బహుళ అమావాస్య. గోదావరి జిల్లాల ఇళ్ళల్లో పోలాల అమావాస్య అంటారు. పెరట్లో కందమొక్కను పిలకలతో సహా తవ్వి తెచ్చి, కడిగి, పీట మీద నిలబెట్టి, పసుపుకొమ్ము కట్టిన తోరం చుట్టి, అదే పోలేరమ్మ అనుకుని తల్లులు పూజ చేస్తారు. బూరెలు నైవేద్యం పెడతారు. మొక్కు ఒకటే: పిల్లలు చల్లగా ఉండాలి. 1922 ఆగస్టు 22న కూడా భీమవరంలో, నరసాపురంలో, రాజమండ్రిలో ఎన్ని వందల ఇళ్ళల్లోనో ఆ మొక్కు మొక్కే ఉంటారు.

సరిగ్గా అదే రోజు, డెల్టా నీళ్ళు తాగి పెరిగిన పాతికేళ్ళ యువకుడు ఒకరు చింతపల్లి పోలీసు స్టేషన్‌లోకి నడిచి వెళ్ళారు. అక్కడ కాలువ లేదు, వరిచేను లేదు. సముద్రమట్టానికి రెండున్నర వేల అడుగుల పైన, చుట్టూ అడవి. ఆయన వెంట మూడు వందల మంది. వాళ్ళలో బట్టిపనుకుల ఊరి గాం సోదరులు గంటందొర, మల్లుదొర ఉన్నారు.

స్టేషన్‌లో ఉన్న పోలీసులకు ఏ అపాయమూ తలపెట్టలేదు. రికార్డులు చింపేశారు. 11 తుపాకులు, 5 కత్తులు, 14 బాయొనెట్లు, 1390 తూటాలు బయటికి తెచ్చారు. అప్పుడు ఆ యువకుడు స్టేషన్ పుస్తకం తెరిచి, ఏమేం తీసుకెళ్తున్నారో వరసగా రాసి, కింద సంతకం పెట్టారు. ఆయన అల్లూరి సీతారామరాజు.

దొంగ ఎక్కడా సంతకం పెట్టడు. ఆ ఒక్క పనితో రాజు ఇది దోపిడీ కాదనీ, యుద్ధమనీ దొరతనానికి రాతపూర్వకంగా తెలియజేశారు.

మర్నాడు బుధవారం కృష్ణదేవిపేట స్టేషన్. ఆ మర్నాడు గురువారం రాజవొమ్మంగి స్టేషన్. చింతపల్లి కొండ పైన ఉంది. కృష్ణదేవిపేట కొండల పాదాన ఉంది. రాజవొమ్మంగి అక్కడి నుంచి పడమటగా, గోదావరి ఏజెన్సీలో ఉంది. ఎక్కడానికి బండి లేదు. ఉన్నవి కాళ్ళే. పైగా అమావాస్య. మంగళవారం రాత్రి ఆకాశంలో చంద్రుడే లేడు. బుధవారం పాడ్యమి, ఉన్నా లేనట్టే. వినాయక చవితి నాటికి గానీ చెప్పుకోదగ్గ నెలవంక కనబడదు. వానాకాలం, చీకటి, అడవి, నెత్తి మీద తూటాల మూటలు. మూడు స్టేషన్లు గెలిచింది తుపాకులతో కాదు, మొదటి స్టేషన్‌లోకి అడుగుపెట్టేనాటికి తుపాకులు ఇంకా చేతికే రాలేదు. ఆ మూడూ నడకతో గెలిచినవి.

రోడ్డు వేసినవాళ్ళు

ఈ నడక అర్థం కావాలంటే ముందు ఒక రోడ్డు సంగతి చెప్పుకోవాలి.

1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యం మనిషికి తన అడవిలో తానే దొంగయ్యాడు. కొండవాలున చెట్టుచేమ నరికి, ఎండబెట్టి, తగలబెట్టి, ఆ బూడిదలో చోళ్ళో సామలో చల్లుకుని, రెండు మూడు పంటలయ్యాక ఆ చెక్క వదిలేసి ఇంకో చెక్కకు పోవడం పోడు. వదిలిన చోట మళ్ళీ అడవి లేస్తుంది. తాతముత్తాతల నాటి ఆ సేద్యానికి అడ్డు పడ్డారు. కట్టెలకు అడ్డు, పశువుల మేతకు అడ్డు. జీలుగు కల్లుకు పన్ను అంతకు ముందు నుంచే ఉంది. ఆ చిగురుపన్ను మీదే 1879లో రంప మండిపోయింది. రంపచోడవరం దగ్గర అంటుకున్న ఆ పితూరీని ఆర్పడానికి తెల్లవాళ్ళకు చాలా కాలమే పట్టింది.

నలభై ఏళ్ళు గడిచాయి. గూడెం తాలూకాకు బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు వచ్చాడు. నర్సీపట్నం నుంచి లంబసింగికి కొండ మీదుగా రోడ్డు వేయించాలని తలపెట్టాడు. రాయి కొట్టేది, మట్టి మోసేది ఎవరు? మన్యం జనమే. ఆరణాల కూలి రావలసిన చోట అణానో బేడో చేతిలో పెట్టేవారని, అడిగినవాణ్ణి కొరడాతో కొట్టించేవారని ఇప్పటికీ ఆ కొండల్లో చెప్పుకుంటారు. రోడ్డు పూర్తయితే దాని మీద ఎక్కి వచ్చేది ఎవరో కూడా ఆ కూలీలకు తెలుసు. ఎక్కి వచ్చేది పోలీసు, దిగిపోయేది కలప.

కనుక మన్యంలో రెండు రకాల దారులున్నాయి. ఒకటి దెబ్బలు తిని వేసిన రోడ్డు. రెండోది ఎవరూ వేయనిది. గొడ్లు తొక్కి, సంతకు పోయేవాళ్ళు తొక్కి, అత్తారింటికి పోయే ఆడపిల్లలు తొక్కి నలిగిన కాలిబాట. మొదటి దారి సర్కారు పటంలో ఉంది. రెండో దారి మనుషుల పాదాల్లో ఉంది.

కాలువగట్టు నుంచి కొండబాటకు

రాజు పుట్టుకతో కొండ మనిషి కాదు. వాళ్ళది భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమండ్రిలో ఫొటోగ్రాఫరుగా ఉండేవారు. గోదావరి పుష్కరాల వేళ వచ్చిన కలరా ఆయన్ను తీసుకుపోయింది. ఆ తర్వాత పినతండ్రి రామకృష్ణంరాజు పంచన నరసాపురం. కాకినాడ, తుని బళ్ళు. ఎక్కువగా డెల్టా బాల్యం.

డెల్టాలో దారి తప్పడం కష్టం. కాలువగట్టు పట్టుకుంటే చాలు, ఏదో ఒక లాకు వస్తుంది, లాకు దగ్గర ఊరు వస్తుంది. నేల చదును కాబట్టి ఊరి గుడి గోపురమో కొబ్బరితోపో దూరం నుంచే పిలుస్తుంది. మన్యంలో ఈ తెలివి పనికిరాదు. నీటి వెంట పోతే లోయలో ఇరుక్కుంటాం. ఎదురుగా కనబడే కొండ దగ్గరే అనిపిస్తుంది, మధ్యలో రెండు లోయలుంటాయి. అక్కడ నడక మళ్ళీ ఓనమాలతో మొదలెట్టాలి.

రాజు అలాగే మొదలెట్టారు. ఉత్తరాదిన తీర్థాలు తిరిగి, 1917లో కృష్ణదేవిపేట చేరారు. సన్యాసిలా బతికారు. ఊరూరా తిరిగి మూలికా వైద్యం చేశారు, తాగుడు మానమన్నారు, తగాదాలు కోర్టుకు పోకుండా పంచాయతీలో తీర్చుకోమన్నారు. అయిదేళ్ళ పాటు ముఠా ముఠాకూ, అంటే కొండ ఊళ్ళ గుంపు గుంపుకూ నడిచారు. ఏ గెడ్డ ఎక్కడ దాటాలో, ఏ గుట్ట వెనక ఏ ఊరుందో ఆయనకు నేర్పింది పుస్తకం కాదు, ముందు నడిచిన గిరిజనులే. 1922 ఆగస్టు నాటికి గురువులూ శిష్యుడూ కలిసి దారి పట్టారు.

మొదటి రాత్రి

ఇక్కడి నుంచి ఇద్దరి వెంట నడుద్దాం. ఒకరు అరవై దాటిన పెద్దాయన, 1879 పితూరీ నాటికి మీసాలు మొలిచే వయసు. రెండోవాడు పదిహేడేళ్ళ కుర్రాడు, లంబసింగి రోడ్డు మీద రాళ్ళు మోసినవాడు. ఈ ఇద్దరూ, వాళ్ళ మాటలూ నా ఊహ. వాళ్ళు నడిచిన కొండా, ఆ రాత్రి చీకటీ, నెత్తి మీది బరువూ నిజం. మూడు వందల మందిలో ఇలాంటివాళ్ళు ఉండబట్టే ఆ మూడు రోజులు సాధ్యమయ్యాయి.

చింతపల్లి వెనకబడింది. వరస ఒంటివరస. 1390 తూటాలంటే ఒక మనిషి ఎత్తుకుని కొండ దిగే బరువు కాదు. పంచుకున్నారు. అడ్డాకులు పొరలు పొరలుగా పేర్చి, తూటాలు చుట్టి, పైన గోనె కట్టి, నారతో బిగించారు. తడి తగలకూడదు. శ్రావణమాసపు కొండ మీద తడి తగలనిది ఏదీ ఉండదు. వాన వెలిసినా చెట్లు కురుస్తూనే ఉంటాయి.

కుర్రాడి నెత్తి మీద ఒక మూట. నాలుగడుగులు వేశాడో లేదో కాలు జారింది. వెనకున్నవాడు పట్టుకున్నాడు.

“తాతా, దారి కనబడ్డం లేదు.”

“కళ్ళతో ఎవడు చూడమన్నాడ్రా? కాలితో చూడు.”

“కాలితో ఎలా చూస్తారు?”

పెద్దాయన ఆగలేదు. నడుస్తూనే చెప్పాడు. “అడుగేసిన చోట గట్టిగా తగిలిందా, దారిలో ఉన్నావు. మెత్తగా దిగిందా, పక్కకు పోయావు. గొడ్లు తొక్కిన నేల వానలో కూడా గట్టిగానే ఉంటది. ఆకు రాలిన నేల మెత్తగుంటది. మడమ ముందు పెట్టకు. వేళ్ళు పెట్టు, ఆనక మడమ.”

కుర్రాడు కళ్ళు మూసుకున్నంత పని చేశాడు. తెరిచి చూసినా కనబడేది నలుపే. వేళ్ళు పెట్టాడు. గట్టిగా తగిలింది. ఇంకో అడుగు. గట్టిగానే ఉంది. మూడో అడుగు మెత్తగా దిగింది, బొటనవేలి సందుల్లోంచి చల్లటి బురద పైకి వచ్చింది. కాలు వెనక్కి తీసి ఎడమకు జరిపాడు. మళ్ళీ గట్టి నేల. ఆ క్షణాన వాడి భయం సగం పోయింది. ఇన్నాళ్ళూ ఈ దారుల వెంట తిరిగాడు గానీ, దారి తనతో మాట్లాడుతుందని ఇప్పుడే తెలిసింది.

దివిటీ లేదు. వెదురుబద్దలు వెలిగిస్తే దూరపు కొండ మీదివాడికి కూడా మంట కనబడుతుంది. మాటలు తగ్గాయి. ముందువాడి నడుముకు కట్టిన తువ్వాలు కొసో, వెదురుకర్ర చివరో పట్టుకుని వెనకవాడు. చెవులు పనిచేస్తున్నాయి. దూరాన నీళ్ళ హోరు. పెద్దాయన నిలబడి విన్నాడు.

“గెడ్డ పొంగింది. కింద రేవు దగ్గర దాటలేం. పైకి పోదాం, రాళ్ళ దగ్గర.”

“ఎలా తెలిసింది తాతా?”

“నీళ్ళు తక్కువున్నప్పుడు రాళ్ళ మీద గలగలమంటాయి. పొంగినప్పుడు ఆ గలగల ఉండదు. ఒకటే మోత.”

రాళ్ళ దగ్గర నడుంలోతు నీళ్ళు. అడ్డంగా మనుషులు నిలబడ్డారు. మూటలు నెత్తుల మీదుగా చేతులు మారుతూ అవతలి గట్టుకు పోయాయి. తుపాకులు కూడా అలాగే. కుర్రాడి చేతుల్లోకి జీవితంలో మొదటిసారి తుపాకీ వచ్చింది. చల్లగా, నూనె వాసనతో ఉంది. ఒక్క క్షణం పట్టుకున్నాడు. వెంటనే పక్కవాడికి అందించాలి. అందించాడు.

అవతల గట్టున చలి. తడిసిన గోచీ ఒంటికి అంటుకుంది. సొరకాయ బుర్రలో చోడి అంబలి తలా రెండు గుక్కలు. పెద్దాయన కూర్చోలేదు. కూర్చుంటే మోకాళ్ళు మళ్ళీ లేవవని ఆయనకు తెలుసు.

“చంద్రయ్యదొర పితూరీలో కూడా ఇలాగే నడిచాం,” అన్నాడు. అంతే. 1879లో ఏం చూశాడో చెప్పలేదు. ఆ పితూరీ ఓడిపోయింది. ఓడిపోయిన దారిలోనే ఆయన మళ్ళీ నడుస్తున్నాడు, ఈసారి మనవడి వయసు కుర్రాణ్ణి వెంటబెట్టుకుని.

తెలతెలవారుతుండగా కొండ పాదానికి దిగారు. ముందు పొగ వాసన వచ్చింది. ఆ వెనక కుక్క అరుపు. ఊరు దగ్గరపడింది.

కృష్ణదేవిపేట, బుధవారం

ఇది రాజుకు పరాయి ఊరు కాదు. మన్యం వచ్చిన కొత్తలో ఆయన్ను ఆదరించిన ఊరు. ఈ వీధుల్లో ఆయన్ను సన్యాసిగా చూసినవాళ్ళున్నారు, ఆయన ఇచ్చిన మందు మింగి జ్వరం తగ్గినవాళ్ళున్నారు. ఆ ఊరి స్టేషన్‌కే ఆ రోజు ఆయన దళంతో వెళ్ళారు. 7 తుపాకులు, కొంత మందుగుండు దొరికాయి.

చింతపల్లి కబురు అప్పటికి కొండ దిగిందో లేదో తెలియని వేళ అది. రోడ్డు మీద కబురు గుర్రంతోనో బండితోనో పోవాలి. దళం దానికంటే ముందు వచ్చి నిలబడింది. సర్కారు మేల్కొనేలోపే ఇంకో స్టేషన్ పోయింది. మేల్కొని ఇటు చూసేసరికి దళం మరో కొండ ఎక్కుతోంది.

ఇక మూటలు పెరిగాయి. మనుషులు ఒక రాత్రి నిద్ర పోగొట్టుకుని ఉన్నారు. ఇంకో రాత్రి ముందుంది.

రెండో రాత్రి

ఈసారి నడక పడమటికి, గోదావరి వైపు. దాటే నీళ్ళ పేరు కూడా మారిపోతుంది. విశాఖ మన్యంలో గెడ్డ అన్నదాన్ని గోదావరి మన్యంలో వాగు అంటారు. మాట మారిందంటే హద్దు దాటామన్నమాట. కొండకు మాత్రం ఆ హద్దు లేదు.

మొదటి రాత్రి దిగుడు. దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడుతుంది. రెండో రాత్రి ఎక్కుడూ దిగుడూ కలిసి ఉంది. ఎక్కేటప్పుడు ఊపిరి మీద పడుతుంది. పెద్దాయన మోకాలు వాచింది. అడ్డాకు వేడిచేసి కట్టు కట్టుకున్నాడు. ముందు నడవాల్సినవాడు వరసలో వెనక్కి జారాడు. కొంతసేపటికి ఆగిపోయాడు.

“ఒరే, నువ్వు ముందుకు పో.”

“నేనా తాతా?”

“ఈ వైపు మీ మేనత్త ఊరుంది కదరా. ఎన్నిసార్లు వచ్చుంటావ్?”

“పగలు వచ్చాను.”

“పగలు వచ్చిన కాళ్ళే కదరా ఇవీ.”

కుర్రాడు మూట సర్దుకుని ముందుకు వచ్చాడు. వేళ్ళు, ఆనక మడమ. గట్టి నేల. గట్టి నేల. ఒకచోట కాలికి రాతి మెట్టు తగిలింది. వాడికి గుర్తొచ్చింది, ఈ మెట్టు దాటాక కుడిపక్క చింతచెట్టు ఉండాలి. చెయ్యి చాచాడు. గరుకు బెరడు అరచేతికి తగిలింది. చిన్నప్పుడు అమ్మ చంకలో ఈ చెట్టు కింద ఆగి ఉంటాడు. ఇప్పుడు వాడి వెనక వరస మొత్తం ఆ చెట్టు దగ్గర కుడికి తిరిగింది.

ఎత్తున పోడుచేలో మంచె మీద ఎవరో ఉన్నారు. అడవిపందులు పడకుండా రాత్రి కాపు. కింద అలికిడికి మంచె మీది మనిషి గొంతెత్తి “హోయ్” అన్నాడు. వరస నిలిచిపోయింది. కుర్రాడి గుండె నోట్లోకి వచ్చింది. వెనక నుంచి పెద్దాయన తమ భాషలో ఏదో బదులిచ్చాడు, తన ఊరి పేరు చెప్పాడు. మంచె మీద కాసేపు నిశ్శబ్దం. తర్వాత పైనుంచి నాలుగు కాల్చిన మొక్కజొన్న పొత్తులు వచ్చి దారిలో పడ్డాయి. ఎవరు, ఎక్కడికి, ఎందుకు అని ఆ మనిషి అడగలేదు.

పితూరీకి ఇలాంటి మనుషులే కోటగోడ. రాజు తలకు సర్కారు తర్వాత 10,000 రూపాయలు వెల కట్టింది. అణా కూలికి రాళ్ళు కొట్టిన జనానికి అది ఏడు తరాల డబ్బు. అయినా దాదాపు రెండేళ్ళు ఆయన ఆ మంచెల కిందుగానే తిరిగారు.

రాజవొమ్మంగి, గురువారం

మూడో స్టేషన్ మొదటి రెంటిలా తేలిగ్గా లొంగలేదు. కొద్దిపాటి ప్రతిఘటన ఎదురైంది. దళం నిలబడింది. ఇక్కడ తుపాకులతో పాటు ఒక మనిషిని కూడా బయటికి తేవాలి. మన్యం నాయకుల్లో ఒకరైన వీరయ్యదొర అక్కడ బందీగా ఉన్నారు. ఆయన్ను విడిపించారు. మూడు దాడుల్లో చేతికొచ్చిన మొత్తం 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు.

వీరయ్యదొర గది తలుపు తెరుచుకున్న ఆ క్షణాన్ని ఊహించుకోండి. తలుపు అవతల నిలబడినవాళ్ళ కాళ్ళ నిండా రెండు కొండల బురద ఉంది. పిక్కల మీద ముళ్ళ గీతలు. కళ్ళు ఎర్రగా నిద్రలేమితో. మూడు రోజుల కిందట వాళ్ళు కూలీలు, పోడు రైతులు, పదవులు పోయిన మునసబులు. మూడో రోజుకు వాళ్ళొక సైన్యం. ఆ మార్పు జరిగింది స్టేషన్లలో కాదు. అమావాస్య రాత్రి గెడ్డలో నిలబడి చెయ్యి మార్చి చెయ్యి తుపాకులు అందించుకున్నప్పుడే జరిగింది.

దారి తెలిసినవాడిదే అడవి

ఆ తర్వాత జరిగిందంతా ఈ మాటకు సాక్ష్యం. రాజును వెతకడానికి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు పోలీసు బలగంతో అడవిలోకి వచ్చారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉన్న దళం వాళ్ళిద్దరినీ కాల్చి చంపింది. ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చారు. ఎవరి మీద యుద్ధమో రాజుకు స్పష్టత ఉంది. అక్టోబరు 15న ముందే చెప్పి మరీ అడ్డతీగల వెళ్ళారు. ఆ వెంటనే రంపచోడవరం. రెండూ పట్టపగలు.

అదే దళం డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వరిచేల దగ్గర, చాటు లేని చదును నేల మీద సర్కారు సేనకు ఎదురుపడింది. ఆ పోరులో నలుగురు వీరులు నేలకొరిగారు. అడవిలో ఎదురులేని కాళ్ళు వరిమడిలో తుపాకీ గురికి దొరికిపోయాయి.

సర్కారు కూడా ఈ పాఠం నేర్చుకుంది. మైదానం పోలీసులతో పని కాదని మలబారు స్పెషల్ పోలీసులను దించింది. చివరికి 1924లో కొండల్లో నడవడం తెలిసిన అస్సాం రైఫిల్స్‌ను తెప్పించింది. కొండ నడకను ఓడించడానికి ఇంకో కొండ నడక కావలసివచ్చింది. 

1924 మే 7న మంప దగ్గర రాజును పట్టుకుని, కొయ్యూరు తెచ్చి, విచారణ లేకుండా చెట్టుకు కట్టి కాల్చి చంపారు. ఆయనకు అప్పటికి ఇరవై ఏడు నిండలేదు. దేహాన్ని కృష్ణదేవిపేట తెచ్చి దహనం చేశారు. రెండేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున తడిసిన కాళ్ళతో ఆయన దిగి వచ్చిన ఊరే అది. ఆయన సమాధి అక్కడే ఉంది. ఆ జూన్‌లోనే గంటందొర కూడా వీరమరణం పొందారు. మల్లుదొర జైలు నుంచి బతికి బయటపడ్డారు. స్వతంత్ర భారతం తొలి ఎన్నికల్లో, 1952లో, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. చింతపల్లి నుంచి చీకట్లో బయలుదేరిన నడక ఒకటి పార్లమెంటు దాకా సాగిందన్నమాట.

మనం రాయవలసిన లెక్క

2022 ఏప్రిల్‌లో ఆ కొండలకు అల్లూరి పేరుతో జిల్లా వచ్చింది. ఆ జూలై 4న భీమవరంలో ఆయన ముప్పై అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధాని నరేంద్ర మోదీ ఆవిష్కరించారు. డెల్టా తన బిడ్డను అలా గుర్తుపెట్టుకుంది. మంచిదే.

ఇప్పుడు చలికాలం వస్తే రాజమండ్రి, భీమవరం, కాకినాడ కుర్రాళ్ళు వీపున సంచులు తగిలించుకుని లంబసింగి మంచుకు, మారేడుమిల్లి అడవికి బయలుదేరుతున్నారు. గుడారం వేసుకుని ఒక రాత్రి కొండ మీద పడుకుని, తెల్లారి మేఘాలు చూసి దిగివస్తున్నారు. వెళ్ళాలి. కాలువగట్టు మీద పెరిగినవాళ్ళు కొండ చూడాలి. రాజు కూడా అలాగే వెళ్ళినవారే.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మనవి. లంబసింగి ఎక్కే రోడ్డు మలుపుల్లో ఎక్కడైనా ఒకచోట బండి ఆపండి. కొరడా దెబ్బలు తిని ఆ కొండకు మొదట రోడ్డు తొలిచినవాళ్ళను తలుచుకోండి. అడవిలోకి నడిచేటప్పుడు ఊరివాణ్ణి ఒకణ్ణి తోడు తీసుకోండి, అడిగినంత కూలి చేతిలో పెట్టండి. అణా బేడల లెక్క ఆ కొండల్లో ఇక ఎవరూ తిప్పి రాయకూడదు. చీకటి పడ్డాక మీ చేతిలో లైటు ఉంటుంది. మీకు తోడొచ్చినాయన చేతిలో ఉండదు, ఉన్నా వెయ్యడు. ఆయన కాళ్ళ వంక చూడండి. వేళ్ళు ముందు, ఆనక మడమ.

రాత్రి నెగడు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన తాత పేరు అడగండి. ఆ తాతకు తండ్రి పేరు అడగండి. చెబితే పుస్తకంలో రాసుకోండి. చింతపల్లిలో రాజు తుపాకుల లెక్క రాసి సంతకం పెట్టారు. దారి చూపినవాళ్ళ పేర్ల లెక్క మనకు వదిలి వెళ్ళారు.